ఎర్లిందా గీసిన దారి

ఫోను మోగేసరికి ఎర్లిందా శాన్ బ్లాస్ బజారులో, తను ఆఫీసని పిలుచుకునే ఒంటి గదిలో కూర్చుని జామకాయ కొరుకుతోంది. పదకొండేళ్లుగా ఆమె పని ఒకటే. గ్వాదలహారా నగరం నుంచి సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లకి ఏ ఊళ్లో దిగాలో, ఏ పూట ఎవరి చేతి చేప తినాలో, ఏ రోడ్డులో గుంతలున్నాయో కాగితం మీద రాసిస్తుంది. ఈ తీరం పొడుగునా ఆమెకి తెలియని వంటమనిషి లేడు, ఆమె పడుకుని చూడని పరుపు లేదు.

"తొందర అస్సలు వద్దండీ," అంది అవతలి ఆవిడ. "వారం రోజులు. రోజుకి రెండు గంటలకి మించి కారులో కూర్చోబెట్టొద్దు, మా ఆయనకి నడుం నొప్పి. పెద్ద హోటళ్లంటే మొహం మొత్తింది. చిన్న చిన్న ఊళ్లు, మంచి చేప, ఎవరైనా గిటారు వాయించేవాళ్లుంటే ఇంకా సంతోషం. ఆయనకి డెబ్భై నిండుతున్నాయి."

"పేర్లు చెప్పండమ్మా, రాసుకుంటాను."

"నేను యదీరా. ఆయన పేరు చెప్తే మీరు నమ్మరు. రుతీలియో బయేసా! పాటలు పాడే బయేసా!"

ఎర్లిందా చేతిలో పెన్ను కాగితం చీల్చుకుని బల్లకి గుచ్చుకుంది.

"ఎందుకు నమ్మనమ్మా," అంది. గొంతులో మాత్రం తేనె. "మా ఇంట్లో ఆయన్ని తలుచుకోని రోజు లేదు."

తలుచుకోవడమంటే మామూలుగా కాదు. నలభై రెండేళ్ల కిందట ఆ రుతీలియో ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, అరువు గిటారుతో వాళ్లింటికొచ్చి రెండు వారాలు తిష్ఠ వేశాడు. ఎర్లిందాకి అప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్లమ్మ వండింది తిన్నాడు, వాళ్ల ఉయ్యాల మంచంలో పడుకున్నాడు. నాన్న ఎవోదియో సముద్రంలో మునిగి ఆల్చిప్పలు ఏరేవాడు, సాయంత్రాలు పాటలు కట్టేవాడు. తన అన్న క్రిస్పీన్ రొయ్యల పడవెక్కి వెళ్లి తిరిగి రాకపోతే, ఆయన కోసం ఒక పాట కట్టాడు.

*రేవులో కొయ్యకి తాడుంది, అన్నా,*
*తాడుకి పడవే లేదు.*

మరుసటేడు ఆ పాట రేడియోలో వచ్చింది. పాడింది రుతీలియో, రాసింది రుతీలియో అన్నారు. 'అన్నా' అన్నచోట 'పిల్లా' అని పెట్టాడు. చచ్చిపోయిన మనిషి కోసం ఏడ్చిన పాట పెళ్లిళ్లలో జంటలు నడుం పట్టుకుని ఆడుకునే పాటైపోయింది. ఆ పాట నాది అని ఎవోదియో సారా కొట్లో అన్నాడు. కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి ఊళ్లో ఆయన పేరు కోతల ఎవోదియో. బళ్లో పిల్లలు ఎర్లిందా జడ పట్టుకు లాగి, "మీ నాన్న సముద్రాన్ని కూడా తనే తవ్వాడా?" అని అడిగేవాళ్లు. నాన్న మళ్లీ గొంతెత్తి పాడలేదు. అమ్మ పోయిన రోజు కూడా పాడలేదు.

ఎర్లిందా ఆ పూట తలుపు వేసుకుని తీరం పటం బల్ల మీద పరిచింది. ముందు వాడి మంచినీళ్లలో ఉప్పు కలిపిద్దామనుకుంది, నల్లులున్న గదులు ఇద్దామనుకుంది. తర్వాత తనమీద తనకే నవ్వొచ్చింది. నల్లులు కుడితే మనిషి కోపం తెచ్చుకుని ఇంటికి పోతాడు. వాడు పోకూడదు. ఒక్క వంక కూడా దొరక్కూడదు.

అందుకని తన జీవితంలో అంత శ్రద్ధగా ఏ దారీ గీయలేదు. నడుం నొప్పికి గట్టి పరుపు, సముద్రపు గాలి తగిలే కిటికీ, పొద్దున్నే పనసతొనలు, కారు నీడలో పెట్టుకునే చోటు. దక్షిణం కొసన ఉన్న ఊరు లో దే మార్కోస్‌లో రెండు రోజులు, చకాలాలో రెండు, ఆఖరున శాన్ బ్లాస్. ఏ ఊరికి ఆ ఊళ్లో మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ కూర్చోవాలో కూడా రాసింది. ఎందుకంటే రుతీలియో దోచింది ఒక్క ఎవోదియోనే కాదు. గిటారు భుజాన వేసుకుని ఆ తీరమంతా తిరిగినవాడు, అన్నం పెట్టిన ఇంట్లోంచే పాట ఎత్తుకుపోయాడు.

లో దే మార్కోస్‌లో చేపల పాక నడిపే నసారియాకి ఫోను చేసింది. నసారియా మొగుడు కట్టిన గెంతుల పాట మీదే రుతీలియో మొదటి రికార్డు వచ్చింది. ఆ మొగుడు పోయి ఆరేళ్లయింది.

"వాడు నా పాకకి వస్తాడా?" అంది నసారియా. "విషం పెట్టమంటావా, అద్దం పొడి కలపమంటావా?"

"ఏమీ వద్దు పిన్నీ. చేప బాగా కాల్చు. మడ కట్టెల నిప్పుల మీద, నువ్వు మీ అల్లుడికి కాల్చినట్టు. వాడి నోట్లో ముద్ద ఉన్నప్పుడు మాత్రం నువ్వు లేచి నిలబడాలి."

"నిలబడి?"

"బాబాయి పాట పాడు. పాడే ముందు ఎవరు కట్టారో, ఏ ఏడు కట్టారో, ఈ పెద్దమనిషి అప్పుడు ఏ మూల కూర్చుని విన్నాడో అందరికీ వినపడేలా చెప్పు. తిట్టొద్దు. ఒక్క తిట్టు తిట్టినా వాడికి లేచిపోవడానికి దారిచ్చినట్టే."

"నువ్వు మీ నాన్న కూతురివి కాదే," అంది నసారియా. "ఆయన మెత్తన. నువ్వు ఎవరి పోలికో."

ఫిబ్రవరి రెండోవారంలో వాళ్లు బయల్దేరారు. మొదటి రోజు యదీరా ఫోను చేసి పొగడ్తల వాన కురిపించింది. గది బాగుంది, పరుపు బాగుంది, ఆయన చాన్నాళ్లకి హాయిగా నిద్రపోయాడు. ఎర్లిందా "సంతోషమమ్మా" అంటూ గోళ్లు కొరుక్కుంది.

రెండో రోజు నాలుగింటికి నసారియా ఫోను.

"అయిపోయిందే," అంది ఆయాసపడుతూ. "నలభై మంది ఉన్నారు పాకలో. నేను లేచి మా ఆయన పేరు చెప్పి, పాట ఎత్తుకున్నాను. వాడు ముద్ద మింగలేదు, ఉమ్మలేదు. బుగ్గలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు, పన్ను నొప్పొచ్చినవాడిలా. తర్వాత చప్పట్లు కొట్టాడే! అందరితోపాటు! ఆ పెళ్లాం మాత్రం చప్పట్లు కొట్టలేదు. మొగుడి మొహం చూస్తూ కూర్చుంది."

చకాలాలో ప్రిసిలియానో. ఎనభైకి దగ్గరపడినా అకార్డియన్ భుజం దిగని మనిషి. ఆయన మాటలేం చెప్పలేదు. రుతీలియో రికార్డుల్లో పేరుపడ్డ నాలుగు పాటలు వరసగా వాయించి, ఒక్కోదాని చివర టోపీ తీసి, "ఇది నాది" అన్నాడంతే. నాలుగోసారి రుతీలియో కుర్చీ వెనక్కి తోసి లేచి, బిల్లు కూడా అడక్కుండా గదికి వెళ్లిపోయాడు.

గంటలో యదీరా ఫోను చేసింది. ఈసారి పొగడ్తల్లేవు.

"ఇదంతా నువ్వే ఏర్పాటు చేశావు కదూ?"

ఎర్లిందా ఆ ప్రశ్న కోసం పది అబద్ధాలు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ నోటికి రాలేదు. "అవును," అంది.

"ఇంకెన్ని ఊళ్లు?"

"ఒక్కటి. మా ఊరు."

"ఆ రేవు పాట కూడానా?"

"అది మా నాన్నది. చచ్చిపోయిన మా పెదనాన్న కోసం కట్టింది."

"పెళ్లికి ముందు నాతో ఏమన్నాడో తెలుసా?" అంది యదీరా. "ఆ పాట నువ్వు పుట్టకముందే నీకోసం రాసుకున్నానన్నాడు. నేను మందుల కొట్టు నడిపేదాన్ని, మాత్రలు లెక్కపెట్టుకునేదాన్ని. ఆ ఒక్క మాటకి పడిపోయాను. ఇప్పుడేమో పొద్దుటికి ఇంటికెళ్లిపోదామంటున్నాడు."

"మీరేమన్నారు?"

"కారు తాళాలు నా సంచీలో ఉన్నాయి."

శాన్ బ్లాస్ పక్కన మతంచేన్ ఒడ్డున ఒక కొబ్బరాకుల పాక ఉంది. ఆ మధ్యాహ్నం ఎర్లిందా నాన్నకి ఇస్త్రీ చొక్కా తొడిగి, చేప తిందాం రమ్మని తీసుకొచ్చి, దారి వైపు మొహం ఉండేలా కూర్చోబెట్టింది. ఎందుకో చెప్పలేదు. ఊళ్లో తెలిసినవాళ్లందరినీ పిలిచింది. ముఖ్యంగా ఆ సారా కొట్లో నవ్విన ముసలాళ్లలో బతికున్న ముగ్గుర్నీ ముందు బల్ల దగ్గరే కూర్చోబెట్టింది.

రుతీలియో తెల్ల టోపీతో వచ్చాడు. ఎవోదియోని చూసి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. పారిపోదామా, కౌగిలించుకుందామా అన్నట్టు చేతులు గాల్లో ఊగాయి.

"ఎవోదియో అన్నా! ఎన్నేళ్లయింది!"

"కూర్చో," అన్నాడు ఎవోదియో. ఎనభై మూడేళ్ల మనిషి, చేప ముల్లు తీసుకుంటూ తలెత్తకుండా అన్నాడు.

కూర్చున్నాడు. యదీరా పక్కన కూర్చుంది. ఎర్లిందా లేచి నిలబడింది. నలభై ఏళ్లుగా కడుపులో ఉడికిన మాటలు ముందే వరస పెట్టి రాసుకుంది, బట్టీ పట్టింది. "ఈ పెద్దమనిషి..." అని ఎత్తుకుందో లేదో నాన్న చెయ్యి ఎత్తాడు.

"నువ్వు కూర్చోవే."

"నాన్నా, నన్ను..."

"కూర్చోమన్నానా?"

కూర్చుంది. ఎవోదియో చేతులు తుడుచుకుని రుతీలియో వైపు తిరిగాడు.

"మూడో చరణం ఎందుకు పాడవురా?"

"మూడో చరణమా?" రుతీలియో నవ్వబోయాడు. "అన్నా, ఆ పాటకి రెండే కదా."

"నువ్వు విన్నది రెండు. ఆ రోజు వాన పట్టుకుంది, నేను ఆపేశాను. తెల్లారి నువ్వు బస్సెక్కేశావు."

పాకలో గరిటెల చప్పుడు ఆగిపోయింది. ఎవోదియో గొంతు సవరించుకున్నాడు. గొంతు చెడిపోయింది, గీరుకుపోతోంది, శ్రుతి ఎక్కడో కింద తడబడుతోంది. అయినా పాడాడు.

*అమ్మ నీ కంచం కడుగుతోంది, క్రిస్పీన్,*
*ఎవరూ తినని కంచం రోజూ కడుగుతోంది.*

రుతీలియో పెదాలు అలవాటుకొద్దీ కదిలాయి. నలభై రెండేళ్లుగా పాడుతున్న నోరు కదా. కానీ ఆ మాటలు దానికి తెలియవు. తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ క్షణం చూడ్డానికే పుట్టాననిపించింది ఎర్లిందాకి. ముందు బల్ల దగ్గర ముసలాళ్లలో ఒకాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని నేల చూశాడు.

"అప్పుడు అందరం కుర్రాళ్లం," అని గొణిగాడు రుతీలియో. "రికార్డువాళ్లే నా పేరు వేశారు. నేను వద్దన్నాను. ఒట్టు."

"మా అన్నని ఆడపిల్లని చేసింది కూడా రికార్డువాళ్లేనా?"

రుతీలియో లేచాడు. పెళ్లాం వైపు చెయ్యి చాచి, "తాళాలివ్వు," అన్నాడు.

యదీరా ఫోను ఇంకా ఎత్తి పట్టుకునే ఉంది, మొదటి నుంచీ వీడియో తీస్తూనే ఉంది. "నేనింకా తినలేదు," అంది.

అతను ఒక్కడే ఇసకలో నడిచి రోడ్డు మీదికి వెళ్లాడు. తేపిక్ ఊరికి పోయే బస్సు ఆ రోజు ఆలస్యం. పొద్దు వాలే వేళకి మడ చెట్లలోంచి కంటికి కనపడని దోమలు లేస్తాయి, శాన్ బ్లాస్‌వాళ్లు ఆ వేళకి తలుపులేసుకుంటారు. తెల్ల టోపీ మనిషి మెడ మీద, చెవుల మీద, మడమల మీద చరుచుకుంటూ రోడ్డు పక్కన గెంతడం ఎర్లిందా పాకలోంచి చూసింది. లోపలికి రమ్మని పిలవొచ్చు. పిలవలేదు.

ఇంటికొచ్చాక నాన్న ఆమెతో మూడు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం మాత్రం, "నన్ను ఎరగా గుచ్చి కూర్చోబెట్టావు. ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా?" అన్నాడు.

"చెప్తే వచ్చేవాడివా?"

"రాకపోదును."

"అందుకే చెప్పలేదు."

యదీరా తీసిన వీడియో నెల తిరక్కుండా దేశమంతా పాకింది. రుతీలియో ఎక్కడ ఆ పాట ఎత్తుకున్నా జనంలోంచి ఎవరో ఒకరు "ఎవరిదీ?" అని అరవడం, వెంటనే వందమంది అందుకోవడం. రెండు కచేరీల తర్వాత పాట మానేశాడు. మూడోది రద్దయింది. శాన్ బ్లాస్ బజారులో ఎవోదియోని ఆపి చెయ్యి కలపనివాళ్లు లేరు. కోతల ఎవోదియో అన్న నోళ్లే 'పెద్దాయనా' అనడం మొదలెట్టాయి. ఆయన తలూపి, పట్టించుకోనట్టు నడిచిపోయేవాడు గాని, బజారుకి మాత్రం రోజూ రెండుసార్లు వెళ్లేవాడు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం రుతీలియోనే ఫోను చేశాడు. గొంతు ముసలిదైపోయింది.

"మీ నాన్నతో మాట్లాడాలమ్మా. ఆ పాట మళ్లీ రికార్డు చేద్దామనుకుంటున్నాను. ఆయన పేరుతో. అన్నా అనే పాడతాను. మూడో చరణం కూడా ఆయన ఒప్పుకుంటే పాడతాను. చచ్చేలోపు ఒక్కసారి సరిగ్గా పాడాలనుంది. అంతే."

ఎర్లిందా గుమ్మంలోంచి పెరట్లోకి చూసింది. నాన్న అరుగు మీద కూర్చుని, పనసపండు కోస్తూ, చేతులకి నూనె రాసుకుంటూ, చాలా ఏళ్ల తర్వాత ఏదో కూనిరాగం తీస్తున్నాడు. అడిగితే ఏమంటాడో ఆమెకి తెలుసు. సరే అంటాడు. రమ్మంటాడు. కూర్చోబెట్టి అన్నం పెట్టమంటాడు కూడా.

"నాన్న పడుకున్నాడండీ," అంది.

"ఎప్పుడు చేయమంటారు?"

"ఆయన ఈమధ్య ఎప్పుడూ పడుకునే ఉంటున్నాడు," అని ఫోను పెట్టేసింది.

"ఎవరే?" అన్నాడు నాన్న పెరట్లోంచి.

"ఎవరో. దారి అడుగుతున్నారు," అంది ఎర్లిందా, తొనలు వేయడానికి గిన్నె తీసుకుని బయటికి నడిచింది.