మా ఇంట్లోంచి దారి

ఛాయాదేవి పుట్టి పెరిగింది ఉయ్యూరు దగ్గర పల్లెలో. అక్కడ పెరట్లో ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివరికి వినపడదు. భర్త దుర్గాప్రసాద్ ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ కొట్టు పెట్టాక బెజవాడ వచ్చి, గుణదల వైపు కొండవాలులో ఇల్లు తీసుకున్నారు.

అక్కడ ఒకరి శ్లాబు ఎత్తున ఇంకొకరి పునాది. మెట్ల దారిలో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఆనుకుని నిలబడాలి. ఛాయాదేవి ఇంటి ముందు గుమ్మం పై సందులోకి ఉంటే, వెనక తలుపు నాలుగు మెట్లు దిగి కింది సందులోకి తెరుచుకునేది.

“పక్కావిడ పోపు పెడితే నాకు దగ్గొస్తంది. ఇదేం ఊరండీ, మనుషుల మీద మనుషులు!” అని భర్త దగ్గర సణిగేది. ఎవరితోనూ మాట కలిపేది కాదు. పై సందులో ఉండే హెలెన్ నిండు చూలాలు. “బాగున్నారా ఆంటీ?” అని పలకరించినా ఛాయాదేవి తలూపి లోపలికి వెళ్లిపోయేది.

ఆ ఆగస్టులో ముసురు పట్టింది. ఒక ఆదివారం పొద్దున పెద్ద చప్పుడుతో కొండచరియ జారి మెట్ల మీద పడింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, పై సందువాళ్లు కిందికి దిగే దారి మూసుకుపోయింది. జనం ఇంకా గుమిగూడుతుండగానే హెలెన్ భర్త సిద్ధార్థ పరుగున వచ్చాడు.

“ఆంటీ, హెలెన్‌కి నొప్పులొస్తున్నాయండీ. అంబులెన్స్ కింద రోడ్డు దాకానే వస్తుందంట. మీ ఇంట్లోంచి దింపుకుంటామండీ.”

అతని కాళ్లు మోకాళ్ల దాకా బురద. ఛాయాదేవి అప్పుడే ఇల్లు తుడిచి దీపం పెట్టుకుంది. ఒక్క క్షణం నేల వైపు చూసింది.

“అడగాలా బాబూ? తీసుకురా!” అంటూ మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది. దుర్గాప్రసాద్ బల్ల పక్కకు లాగాడు.

హెలెన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. వెనక మెట్ల దగ్గర ఇద్దరికే చోటుంది. కుర్చీ ఒరగబోతే ఛాయాదేవి కింద నుంచి భుజం ఆనించింది.

“భయమేస్తందాంటీ,” హెలెన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

“నేనున్నాగా తల్లీ. గట్టిగా పట్టుకో.”

రోడ్డు మీదికి చేరినా హెలెన్ ఆ చెయ్యి వదల్లేదు. చెప్పులైనా వేసుకోకుండానే ఛాయాదేవి అంబులెన్స్ ఎక్కింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది.

రాళ్లు తీసి మెట్లు బాగుచేసే దాకా పై సందు మొత్తానికీ ఆ ఇల్లే దారి. స్కూలు పిల్లలు, మంచినీళ్ల డబ్బాలు మోసేవాళ్లు, సెకండ్ షిఫ్టుకెళ్లేవాళ్లు, అందరూ వంటింటి పక్క నుంచే నడిచారు. దుర్గాప్రసాద్ అన్నం తింటుంటే, “కానివ్వండి అన్నగారూ” అంటూ దాటిపోయేవాళ్లు. ఛాయాదేవి మొదట్లో విసుక్కుంది. తర్వాత గుమ్మంలో గోనెపట్టా పరిచింది. ఆ తర్వాత ఎవరి పిల్లలెవరో పేర్లతో సహా తెలిసింది. ఒకావిడ వెళ్తూ వెళ్తూ గోంగూర పచ్చడి గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టి పోయింది.

మెట్లు బాగయ్యాయి. మర్నాడు ఇంట్లోకి ఎవరూ రాలేదు. వంట ముగించి ఛాయాదేవి కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత బాలింతకని శొంఠిపొడి దంచి, సీసాలో పోసుకుని ముందు గుమ్మంలోంచి పై సందులోకి నడిచింది.

హెలెన్ వాళ్లది ఒకటే గది. ఊయల, పొయ్యి, మంచం అన్నీ అందులోనే.

“కూర్చోండాంటీ,” అంటూ హెలెన్ పాపను తన వైపు జరుపుకుంది. మంచం మీద జానెడు జాగా వచ్చింది. ఛాయాదేవి అందులో ఒదిగి కూర్చుని, పాప పాదం అరచేతిలోకి తీసుకుంది.