ఫ్లెక్సీ మీది సాలమ్మ

సాలమ్మ దినాలకని బస్టాండు మూల మీద కట్టిన ఫ్లెక్సీ ముందర పొద్దుగాల్నుంచి జనం ఆగుతున్నరు. చూస్తున్నరు. "అయ్యో పాపం, ఏ సాలమ్మ ఈమె?" అని ఒకల్నొకలు అడుగుకుంట పోతున్నరు. మేళ్లచెరువు ఊర్ల సాలమ్మను ఎరగనోళ్లు లేరు. ఆ ఫ్లెక్సీ మీదున్నామెనే ఎవరూ ఎరగరు.

తప్పంత ఆమె కొడుకు విజేందర్ సారుదే. హైస్కూల్ల తెలుగు చెప్తడు, మెత్తటి మనిషి. తల్లి గొంతు ఆయనకు చిన్నప్పట్నుంచి తలవంపు. సాలమ్మ వయసులున్నప్పుడు సున్నపురాయి క్వారీల తట్టలు మోసింది. బండలు పేలే మోతల నడుమ మాట్లాడి మాట్లాడి, తర్వాత బస్టాండు కాడ జొన్నరొట్టెల పొయ్యి పెట్టుకున్నా ఆ గొంతు కిందికి దిగలేదు. ఆమె "రొట్టె!" అని కేకేస్తే బస్సుల నిద్రపోయేటోళ్లు తమ ఊరొచ్చిందనుకొని దిగేటోళ్లు.

అందుకే ఫ్లెక్సీ దుకాణం శివకుమార్ "అమ్మ గురించి ఏం రాద్దాం సార్?" అంటే, సారు జర ఆలోచించి "శాంతమూర్తి, మితభాషిణి, మృదుభాషిణి" అని చెప్పిండు. శివకుమార్ తన దిక్కు నుంచి ఫోటోల ఆమెను తెల్లగ చేసిండు, నుదుటి మీది పచ్చబొట్టు తుడిపేసిండు, మెడ కాడ్నుంచి కిందికి ఎవరిదో పట్టుచీర అతికిచ్చిండు.

పగటి యాళ్లకు అలంపూర్ నుంచి సాలమ్మ చెల్లె గుర్వమ్మ దిగింది. ఇంటి ముందర టెంటు కిందికొచ్చి సంచి పెట్టింది.

"ఇజేందరూ, మీ ఊర్ల ఇంకెవరో సుత పోయినట్టున్నదిరా. బస్టాండు కాడ బొమ్మ కట్టిన్రు. పాపం, దొరల ఇంటామె లెక్కున్నది."

"అది అమ్మనే, చిన్నమ్మా."

గుర్వమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉన్నది. "మా అక్కనా? మరి కిందేదో రాసిన్రు గదా, ఏందది?"

"మృదుభాషిణి అని. అంటే... మెల్లగ మాట్లాడేటామె అని."

ఏడుద్దామని కొంగు చేతుల పట్టుకొనొచ్చిన ముసలామె, అదే కొంగు నోట్లె కుక్కుకొని నవ్వుడు మొదలువెట్టింది. నవ్వలేక టెంటు గుంజ పట్టుకున్నది. గుంజ కదిలింది, టెంటు ఒక దిక్కు వంగింది. కింద కూసున్నోళ్లంత లేచి పట్టుకున్నరు. ఇంక ఎవరికీ నవ్వు ఆగలేదు.

రిటైరైన బస్సు డ్రైవరు ఎల్లేశం కండ్లు తుడుచుకుంట అన్నడు. "మెల్లగనా సారూ? ఒకపారి ఎవరికో నొప్పులొస్తున్నయని మీ అమ్మ నా బస్సుకు అడ్డం నిలబడ్డది. 'దవాఖాన దాక యాడ ఆపినా నీ సంగతి చెప్త' అన్నది. నేను భయానికి ఒక్క స్టేజీల ఆపలే. కోదాడ పోయేటోళ్లు, పెండ్లికి పోయేటోళ్లు, అందరు దవాఖాన కాడనే దిగిన్రు. ఆడపిల్ల పుట్టిందాక ఒక్కడూ కదల్లే. పెండ్లోళ్లు బూందీ పంచిన్రు."

క్వారీల ఆమెతోటి పనిచేసిన మల్లేష్ మాత్రం నవ్వలేదు.

"సారూ, ఒకనాడు సైరన్ మోగలే. పేలుడు మందుకు నిప్పు పెట్టినట్టు కింద ఉన్న మాకెవరికీ తెల్వదు. మీ అమ్మ పైన్నుంచి చూసి కేకేసింది. తట్టలు ఆడనే పడేసి ఉరికినం. మేం నిలబడ్డ జాగల తర్వాత బండలే ఉన్నయి. గా కేకతోనే గిప్పుడు నీ ముందర కూసున్న."

విజేందర్ తెల్లబోయి చూసిండు. "నాకెప్పుడూ చెప్పలే అన్నా."

"చెప్పే ఉంటది. ఆమె మాట్లాడవడితే నువ్వు కిటికీలు మూస్తుంటివి గదా."

సారు లేచి అవతలికి పోయి శివకుమార్‌కు ఫోన్ చేసిండు. "ఆ మాటలన్ని తీసెయ్ తమ్మీ. ఆమె పచ్చబొట్టు ఆమెకియ్యి. ఆ చీర ఎవరిదో వాళ్లకిచ్చెయ్."

ఇంతల వంటలు దిగినయి. మటన్ గంజు మూత తీసుడే ఆలస్యం, మొగోళ్లంత మొదటి బంతికే ఎగబడ్డరు. ముసలోళ్లు, పిల్లలు ఎనుకబడ్డరు. ఒక కుర్చీ కోసం ఇద్దరు గుంజుకుంటున్నరు. విజేందర్ భార్య భాగ్యశ్రీ ఉరికొచ్చింది.

"ఏమయ్యా, జర నువ్వన్న చెప్పరాదు. అత్తమ్మ ఉంటే గిట్లయితుండెనా?"

"దయచేసి అందరూ కూర్చోండి," అన్నడు సారు. పక్కనున్నోడు సుత తిరిగి చూడలేదు. ఇంకోపారి అన్నడు. గుర్వమ్మను ఎవడో తోసేసి పోయిండు.

అంతే. సారు కేకేసిండు.

"కూసోండ్రి!"

కుర్చీ గుంజుకునేటోళ్లు ఇద్దరు కలిసి కిందనే కూసున్నరు. గంజు కాడి కుక్క గోడ దునికింది. శివకుమార్ ఫోన్ల "సార్, సార్, కూసున్న," అనవట్టిండు. సారు ఫోన్ పెట్టేయనేలేదు. తన గొంతు తనదేనా అని సారు మెడ పట్టుకొని చూసుకున్నడు.

గుర్వమ్మ గప్పుడేడ్చింది. పొద్దుగాల్నుంచి ఆగిందంత ఒక్కపారి వచ్చింది. భాగ్యశ్రీ ఆమెను పట్టుకొని ముందు వరుసల కూసోబెట్టింది.

సారు గరిటె అందుకున్నడు. "మల్లేషన్నకు మూలుగబొక్క ఎయ్యుండ్రి! ఎల్లేశమన్నా, చెయ్యి అడ్డం పెట్టకు!" అని ఆ చివర్నుంచి ఈ చివర దాక అరుసుకుంట, వద్దన్నోళ్లకు సుత ఇంత వేసుకుంట తిరిగిండు. కండ్లకెల్లి కారేది తుడుచుకోనీకె చెయ్యి ఖాళీ లేదు.