పది గంటలకి సాయంత్రం

రోజూ దీపాలవేళకి ఘాటీ యూనివర్సిటీలో మెస్సు గంట మోగేది. ఆ గంటకి పొట్లపూలు విచ్చుకునేవి. పొట్లపూలు విచ్చుకోగానే నెట్టు వచ్చేది.

ఒరిస్సాలో కొరాపుట్ నుంచి జయపురం దిగే ఘాటీ రోడ్డు మీద, మబ్బులు కిటికీల్లోంచి దూరి బల్లలమీద తడి వదిలిపోయే చోట ఉండేదా యూనివర్సిటీ. ఆడపిల్లల హాస్టలు వెనక వంటమనిషి ఎర్రమ్మ ఒక పొట్లగింజ పాతింది. ఆ పాదు టెలిఫోను తీగని పట్టుకుని పైకెక్కింది. ఎక్కి ఊరుకుందా? హాస్టలు చుట్టింది, లైబ్రరీ చుట్టింది, లెక్కల డిపార్టుమెంటు కిటికీలోంచి దూరి గుమ్మంలోంచి బయటికొచ్చింది. దాని కొస ఎక్కడుందో చూసొస్తానని బయల్దేరిన వాచ్‌మన్ బొయిపరిగుడ సంతలో తేలేడు. అక్కడ చింతపండు చవగ్గా ఉందని కొనుక్కుని మరీ తిరిగొచ్చేడు.

ఎక్కడ పువ్వు విచ్చితే అక్కడ నెట్టు. నూలుపోగుల్లాంటి తెల్లటి అంచులు సాచుకుని పువ్వు తెరుచుకోగానే పిల్లలు దానికింద చాపలు పరుచుకుని కంప్యూటర్లు తెరిచేవారు. కాయ వంకర తిరిగితే నెట్టూ వంకర తిరిగి, ఒకరి ఉత్తరం ఇంకొకరికి వెళ్ళేది. అందుకని ఎర్రమ్మ ప్రతి పిందె కొసకీ ఓ రాయి కట్టేది. తెల్లారేసరికి పూలు ముడుచుకునేవి, నెట్టు పోయేది. దీనిగురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. బట్టలు ఎండున్నప్పుడు ఉతుక్కున్నట్టే నెట్టు పనులు సాయంత్రానికి పెట్టుకునేవారు.

రెండువేల తొమ్మిది వానాకాలంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పగలూ రాత్రీ పనిచేసే వైఫై పెట్టాలి. సోమవారం పొద్దున్న పది గంటలకల్లా క్యాంపస్ మొత్తం కొత్తదానిమీదికి మారిపోవాలి.

ఆ పని ఆఫీసు సూపరింటెండెంటు శంకరరావు మీద పడింది. పడిందనకూడదు, ఆయనే ఎగిరి పట్టుకున్నాడు. శంకరరావుది పార్వతీపురం నుంచి రాయగడ వచ్చి కొట్టు పెట్టుకున్న వర్తకుల కుటుంబం. ఆయన మీసం కుడికొన కొరాపుట్ వైపు, ఎడమకొన రాయగడ వైపు చూసేది. దాన్ని చూసే బస్సు కండక్టర్లు దారి చెప్పుకునేవారు.

"సోమవారం పదింటికి ఒక్క గదిలో నెట్టు లేకపోయినా ఈ మీసం గొరిగించేస్తాను!" అన్నాడు మీటింగులో లేచి నిలబడి.

"మధ్యలో మీసం ఎందుకండీ?" అన్నాడు రిజిస్ట్రారు.

"మాటకి పూచీ ఉండాలి కదండీ!"

ఇంక చూడాలి ఆ మనిషి పట్టుదల! నిచ్చెన భుజాన వేసుకుని గదిగదికీ తిరిగేడు. వైఫై డబ్బా బిగించని పైకప్పు మిగల్లేదు, ఆయన తల తగలని ఫ్యాను మిగల్లేదు. విశాఖపట్నం నుంచి డబ్బాలు తెచ్చిన ఇంజనీరు కుర్రాడు సుమంత్ హాల్లో కూర్చుంటే, క్యాంపస్ జనం కంప్యూటర్లు చంకన పెట్టుకుని అతని ముందు వరస కట్టేరు. ఒక్కొక్కరూ ఒక రహస్యపదం పెట్టుకోవాలి. ప్రొఫెసర్లలో సగంమంది 'జగన్నాథ' అని పెట్టేరు.

"అందరికీ తెలిసిపోయే పేరండీ, మార్చండి" అన్నాడు సుమంత్.

'బలభద్ర' అని మార్చేరు.

ఆ వరసలోనే ఉషారాణి శంకరరావుని ఆపింది. ఆఖరు సంవత్సరం పిల్ల. వాళ్ళ నాన్న సోములు రాయగడ మున్సిపాలిటీలో వీధులు ఊడుస్తాడు.

"బాబూ, సోమారం పదింటికి నెట్టు తప్పకుండా వస్తాదా? హైదరాబాద్ కంపెనీవోల్లు వీడియోలో నన్ను ప్రశ్నలడుగుతారంట. అప్పుడు కనపడకపోతే మరి పిలవరంట."

"పిలవకపోతే ఏటవుద్ది?"

"నాన్నకి మోకాలు పోయింది బాబూ. నెలాకరుకి ఆ సీపురు నానే పట్టాల."

శంకరరావు మీసం రెండు కొనలూ ఒకేసారి మెలేసేడు. "సోమవారం పదింటికి నువ్వు హైదరాబాద్‌లో కనబడతావమ్మీ. నేను చెప్పేను కదా!"

ఆదివారం సాయంత్రానికి అన్నీ సిద్ధం. ఒక్కటే మిగిలింది.

"పాత నెట్టు ఉండగా కొత్తది వేస్తే రెండూ కొట్టుకుంటాయి సార్. ముందు పాదు తీసెయ్యాలి" అన్నాడు సుమంత్.

శంకరరావు కొడవలి పట్టుకుని హాస్టలు వెనక్కి వెళ్ళేడు. ఎర్రమ్మ ఓ పిందెకి రాయి కడుతోంది. తల ఎత్తలేదు.

"దీపాలెట్టేసినాం బాబూ. ఈ ఏలప్పుడు సెట్టుమీద సెయ్యేత్తారా ఎవులైనా?"

శంకరరావు చెయ్యి అక్కడే ఆగిపోయింది. సందెవేళ దాటేక కరివేపాకు రెమ్మ తుంపితే వాళ్ళమ్మ వీపు విమానం మోత మోగించేది. కొడవలి దించేసేడు. "సరే, పొద్దున్నే కోస్తాను."

ఆ రాత్రి వాన కురిసింది. మామూలు వానా? ఘాటీలో కొండచరియ జారి రోడ్డుమీద కూర్చుంది. సర్వర్ గదిమీద పిడుగు పడింది. తెల్లారి సుమంత్ పెద్దడబ్బా మూత తీసి, కాలిన వాసన చూసి, మళ్ళీ మూసేసేడు.

"పోయింది సార్. ఇంకోటి జయపురంలో ఉంది. రోడ్డు తెరిచి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది."

మెట్లమీద ఉషారాణి నిలబడి ఉంది, స్నేహితురాలి దగ్గర అరువడిగిన గంజిపెట్టిన డ్రస్సులో. విషయం విన్నది. ఏడవలేదు. జయపురం నడిచిపోదామన్నట్టు చెప్పులు తీసి చేత్తో పట్టుకుంది.

"ఆగు అమ్మీ!" అని అరిచేడు శంకరరావు. పాదు వైపు చూసేడు. మొగ్గలన్నీ పిడికిళ్ళలా బిగుసుకుని ఉన్నాయి. "ఎర్రమ్మా, ఇవెప్పుడు విచ్చుకుంటాయి?"

"సాయంత్రం బాబూ. మీకు తెల్దేటి?"

"సాయంత్రమైందని దానికి ఎవరు చెప్తారు?"

"ఎవులు సెప్తారు? ఎలుగు తగ్గాల, గంట కొట్టాల, తాలింపు ఏగాల. అది సూసుకుంటాది."

"అయితే సాయంత్రాన్ని ఇప్పుడే తెద్దాం!"

వారధి కట్టిననాడు కోతులు కూడా అంత ఉరకలు పెట్టి ఉండవు. హాస్టలు కంబళ్ళు వచ్చేయి, మెస్సు గోనెలు వచ్చేయి, ఉత్సవాల షామియానా వచ్చింది, ప్రొఫెసర్లు స్నాతకోత్సవం గౌన్లు విప్పి ఇచ్చేరు. ఉషారాణి గది కిటికీ, దానిమీది పందిరి, వెనక పెరడు అన్నీ కప్పేసేరు. కోయడానికి తెచ్చిన కొడవలితోనే శంకరరావు గోనెల కుట్లు విప్పేడు. కిందంతా ఎంత చీకటి పడిందంటే ఎర్రమ్మ కోళ్ళు గూట్లోకి పోయేయి, లెక్కల ప్రొఫెసరు ఆవలించేడు, వాచ్‌మన్ ఒడియాలో "ఆజ్ఞా" అని సెల్యూట్ కొట్టి రాత్రి డ్యూటీ టోపీ పెట్టుకున్నాడు. ఆడపిల్లలు దీపాలు వెలిగించేరు. మగపిల్లలు గోడపక్కన కూర్చుని కీచురాళ్ళలా అరిచేరు. ఎర్రమ్మ తాలింపు వేసింది. మెస్సు గంట మోగింది.

పువ్వు విచ్చుకోలేదు.

పదికి ఇంక పావుగంట కూడా లేదు. కీచురాళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయేయి.

"ఏటి తక్కువైంది? ఇంకా ఏటో తక్కువైంది!" శంకరరావు చీకట్లో గిరగిరా తిరిగేడు. "సాయంత్రం ఈ పాదుకింద ఇంకేం జరుగుతుంది? చెప్పండర్రా!"

ఎర్రమ్మ ఆలోచించింది. "ఆడగుంటలు ఇల్లకి ఫోన్లు సేస్తారు బాబూ. అన్నం తిన్నావా అంటారు."

శంకరరావు తన చిన్న ఫోను తీసి ఉషారాణి చేతిలో పెట్టేడు. అటుపక్క రాయగడ బజారు చప్పుడు, చీపురు చప్పుడు.

"నాన్నా, అన్నం తిన్నావా?"

"ఇప్పుడేటి అన్నం? ఇంకా మార్కెట్టు వీధి ఊడవలేదు."

"తిన్నాననాల నాన్నా."

చీపురు చప్పుడు ఆగింది. కూతురి గొంతులో ఏం వినబడిందో ఏమో, సోములు మాట మార్చేడు.

"తిన్నానమ్మీ. కడుపునిండా తిన్నాను. నువ్వు తిన్నావా?"

"తిన్నాను."

కిటికీమీద ఒక్క మొగ్గ, ఒకే ఒక్కటి, మెల్లిగా పిడికిలి విప్పింది. తెల్లటి పోగులు ఒకటొకటే సాగేయి. కంప్యూటరులో హైదరాబాద్ వచ్చింది. టై కట్టుకున్న ఇద్దరు మనుషులు కళ్ళు చికిలించి చూసేరు.

"అక్కడ ఇంత చీకటిగా ఉందేమిటమ్మా? ఇంకా పదే కదా?"

ఉషారాణి వీపు నిటారుగా పెట్టింది. "మా కొండమీద పని పడితే సాయంత్రం కాస్త ముందుగా వస్తుందండి."

అటువైపు ఒకాయన నవ్వేడు. తరవాత వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఆమె చెపుతూనే ఉంది. కంబళ్ళకింద యూనివర్సిటీ అంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. తుమ్మొచ్చిన రిజిస్ట్రారు దాన్ని మధ్యాహ్నందాకా ఆపుకున్నాడు.

పొద్దువాలేక పెద్దడబ్బా వచ్చింది. సుమంత్ మీట నొక్కగానే గదిగదికీ పచ్చదీపాలు వెలిగేయి. ఆ కొత్త నెట్టులో అన్నిటికన్నా ముందు వచ్చిన ఉత్తరం ఉషారాణికి. ఉద్యోగం ఇచ్చేం, వచ్చే నెల చేరమని.

అలవాటుకొద్దీ అందరూ పాదుకేసి తలెత్తేరు. మెస్సు గంట ఎప్పుడో మోగింది. చీకటి పడింది. ఒక్క పువ్వూ విచ్చుకోలేదు.

"దాని సాయంత్రం అది పొద్దున్నే ఇచ్చేసింది" అంది ఎర్రమ్మ. పాదుని ఎవరూ కొయ్యలేదు, కొయ్యాల్సిన అవసరమూ రాలేదు.

మర్నాడు శంకరరావు ఆఫీసుకి నున్నటి మూతితో వచ్చేడు. పదింటికి ఒక్క కిటికీలో తప్ప నెట్టు ఎక్కడా లేదు మరి. గొరిగించమని ఎవరూ అడగలేదు. ఆ మీసం లేక ఆ వారం జయపురం బస్సు ఒకటి దారితప్పి గుడారి పోయింది, పోదూ?

ఉషారాణి లడ్డూలు పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "ఒలమ్మో! మీసమేది బాబూ?"

"మీసం మళ్ళీ మొలుస్తుందమ్మీ" అన్నాడు శంకరరావు లడ్డూ అందుకుంటూ. "సోమవారం పదిగంటలు మళ్ళీ మొలిచేవా?"

ఫోను తీసి ఆమె చేతిలో పెట్టేడు. "మీ నాన్నకి చెయ్యి. నిజంగా తిన్నాడో లేదో కనుక్కో."