పేరు లేని ఫిర్యాదు

అలియాబాద్‌లో లచ్చయ్య ఇంటికీ మన్నాన్ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. పొద్దున్నే ఆ గోడ మీదుగా రెండు గొంతులు లేవడం ఆ వీధికి అలవాటు.

"ఏ మన్నాన్ భాయ్! నీ మేక మల్ల మా బొప్పాయి చెట్టు కొరికింది. ఇయ్యాల దాన్ని కోసి కూరొండుకుంట, సూడు!"

"వండుకో లచ్చన్నా! నాకో గిన్నె పంపు. మా అజ్మత్‌తోని రొట్టెలు జేయిస్త."

అరుచుకోవడం అయిపోయాక ఇద్దరూ గోడకు చెరోవైపు నిలబడి చాయ్ తాగేవారు. లచ్చయ్య మేడ్చల్‌లో ఒక కంపెనీలో మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. మన్నాన్ చుట్టుపక్కల పల్లెల్లో మేకలు కొని అంగట్లో అమ్మేవాడు. పెళ్లిళ్లు కాకముందు నుంచీ స్నేహితులు. మన్నాన్‌కు షుగర్ వచ్చిన తర్వాత షామీర్‌పేట దవాఖానకు తీసుకువెళ్లి తీసుకురావడం లచ్చయ్య స్కూటర్ పని అయింది. దారి పొడవునా కొట్లాడుకుంటూనే వెళ్లేవారు. ఆదివారం లచ్చయ్య చర్చికి వెళ్తే ఆయన ఇంటి తాళం మన్నాన్ దగ్గర ఉండేది. శుక్రవారం మన్నాన్ నమాజుకు వెళ్తే మేకల కాపలా లచ్చయ్యది.

ఊరి పక్క చేలన్నీ విల్లాలైపోయాయి. ఆ విల్లాల సంఘానికి అధ్యక్షుడు కృష్ణారావు, రిటైరైన ఇంజనీరు. ఊరివాళ్లతో కూడా మర్యాదగా మసలే మనిషి. ఒక కంపెనీవాళ్లు తయారుచేసిన 'ఊరి కన్ను' అనే యాప్‌ను అలియాబాద్‌కు తెచ్చింది ఆయనే. చెడు ఉద్దేశంతో తేలేదని ఇక్కడే చెప్పుకోవాలి. వెలగని వీధిదీపం, ఎత్తని చెత్తకుప్ప, గుంతపడిన రోడ్డు, ఏది కనబడినా ఫొటో తీసి పంపితే అధికారులకు చేరుతుంది. మొదట్లో నిజంగానే దీపాలు వెలిగాయి. ఊరు సంతోషించింది.

ఫిర్యాదు చేసినవారికి యాప్ నక్షత్రాలు ఇస్తుంది. పేరు మాత్రం ఎవరికీ కనబడదు. పేరు ఉండాల్సిన చోట 'బాధ్యత గల పౌరుడు' అని ఉంటుంది. అంతే.

చదివేవారు ఒక్క క్షణం ఆలోచించాలి. దీపాలన్నీ వెలిగాక, గుంతలన్నీ పూడాక, నక్షత్రాలకు అలవాటుపడిన చేతులు ఊరుకుంటాయా? యాదవ్వ గిన్నెలు కడిగిన నీళ్లు వీధిలోకి పోతున్నాయని ఫొటో వచ్చింది. కుర్మయ్య ఇంట్లో ఎవరో కొత్తవాళ్లు దిగారని ఇంకో ఫొటో వచ్చింది. ఆ కొత్తవాళ్లు కాన్పుకు వచ్చిన కూతురు, ఆమె అత్తగారు. ఇదివరకైతే పక్కింటివాళ్లు నడుం మీద చెయ్యిపెట్టుకుని వచ్చి, "ఏందమ్మా గీ నీళ్లు?" అని అడిగేవారు. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఫోన్లు పైకి లేస్తున్నాయి, కిందికి దిగుతున్నాయి.

ఒక ఉదయం మన్నాన్ ఇంటి ముందు అధికారుల జీపు ఆగింది. దాని వెనకే జేసీబీ. మేకల కోసం వేసిన రేకుల షెడ్డు రోడ్డు మీదికి కొంచెం జరిగిన మాట నిజమే. "యాప్‌ల ఫొటో వచ్చింది, మేమేం జేస్తం పెద్దాయనా" అన్నాడు జీపులోని మనిషి. తనే పీకేస్తానని మన్నాన్ బతిమాలుతుండగానే రేకులు కూలాయి. ఆ చప్పుడుకు మేకలు బెదిరి కరీంనగర్ రోడ్డు మీదికి పరుగెత్తాయి. మన్నాన్ చెప్పులు లేకుండా వాటి వెంట పరుగెత్తాడు. విరిగిన రేకు అంచు అరికాల్లో దిగింది. లారీల మధ్య నుంచి లచ్చయ్య కొన్ని మేకలను మళ్లించుకు వచ్చాడు. కొన్ని తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం మన్నాన్ కొడుకు ఫైజ్ ఫోన్‌లో ఆ ఫొటో తండ్రికి చూపించాడు. ఫైజ్ స్కూలు వ్యాను నడుపుతాడు. అతను వేలితో ఒక మూల చూపించాడు. అక్కడ నీలం రంగు నీళ్లట్యాంకు అంచు కనబడుతోంది. ఆ ట్యాంకు లచ్చయ్య డాబా మీదిది. ఫొటో తీసింది అక్కడి నుంచే.

మన్నాన్ కుంటుకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. ఈసారి గొంతు లేవలేదు.

"నాతోని ఒక్క మాట జెప్తే నేనే తీసేస్తుంటి గద, లచ్చన్నా."

"దేవుని తోడు, నేను తియ్యలె భాయ్! నాకు ఆ యాపే తెల్వదు."

"మరెవరు తీసిన్రు?"

లచ్చయ్య తలెత్తి తన డాబా వైపు చూశాడు. మొన్న వాళ్ల డాబా మీద ఇంటి ప్రార్థన జరిగింది. చర్చి సంఘంవాళ్లు చాలామంది వచ్చారు. అంతకుముందు ట్యాంకు కడిగేవాళ్లు ఎక్కారు, కేబుల్ మనిషి ఎక్కాడు. ఎవరని చెబుతాడు? మన్నాన్ కాసేపు ఎదురుచూసి లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు గోడ దగ్గర లచ్చయ్య చాయ్ గ్లాసుతో ఒక్కడే నిలబడ్డాడు.

అప్పటి నుంచి లచ్చయ్యకు నిద్ర లేదు. ఎవరు? చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఆయన కళ్లు తెరిచి పక్కవాళ్ల చేతుల్లోని ఫోన్లు చూసేవాడు. ఎన్నో ఏళ్లుగా తెలిసిన ముఖాలే కొత్తగా, అనుమానంగా కనబడ్డాయి. చివరికి ఆ అనుమానం సొంత ఇంట్లోకే వచ్చింది. కొడుకు జోయెల్ సుచిత్ర చౌరస్తాలో ఒక బట్టల షాపులో పనిచేస్తాడు. మేకల వాసన వస్తోందని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు కదా! అతను స్నానానికి వెళ్లినప్పుడు లచ్చయ్య ఫోను చేతిలోకి తీసుకుని తడుముకుంటూ చూడసాగాడు. జోయెల్ తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

"ఏం దేవులాడుతున్నవ్ బాపూ?"

లచ్చయ్య ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"నేననుకున్నవా? మన్నాన్ చాచా భుజాల మీద తిరిగి పెరిగినోన్ని, నేనని ఎట్లనుకున్నవ్?" జోయెల్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

లచ్చయ్య భార్య రాహేలు వంటింటి గడపలో నిలబడి అంతా చూసింది. "గా ఫొటో వాళ్ల షెడ్డొక్కటే కూలగొట్టలె, మన ఇల్లు గూడ కూలగొడ్తాంది" అంది. ఆ తర్వాత జోయెల్ తండ్రి ఎదుట ఫోను బల్ల మీద పెట్టలేదు.

అటు మన్నాన్ కాలు మానడం లేదు. లచ్చయ్య స్కూటర్ తీసుకుని వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లాడు.

"కూసో భాయ్. కట్టు మార్పిచ్చుకొని జల్దీ వచ్చేద్దం."

మన్నాన్ మంచం మీద నుంచి లేవలేదు. "వద్దులే లచ్చన్నా. నీ బండి మీద కూసుంటే దానిక్కూడ ఎవరన్న ఫొటో తీస్తరు."

ఆ మాట లచ్చయ్యకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మళ్లీ వెళ్లాడు. మళ్లీ అదే జవాబు. ఫైజ్ తెల్లారగానే వ్యాను మీద పోతే సాయంత్రం గాని రాడు. కాలు ఎట్లుందని అడిగితే, తగ్గుతోందని మన్నాన్ కొడుకుకు చెప్పేవాడు. మన్నాన్ భార్య అజ్మతున్నీసా పసుపు పెట్టి గుడ్డ కట్టేది. షుగర్ మనిషికి ఆ గుడ్డ కింద ఏం జరుగుతుందో ఆమెకు తెలియదు. వాసన వచ్చి, వేళ్లు నల్లబడ్డాక పట్నంలో పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లారు. మోకాలి దాకా కాలు తీసేశారు. అప్పటికే విషం ఒళ్లంతా పాకిందని డాక్టర్లు చెప్పారు.

ఫైజ్ వచ్చి లచ్చయ్య గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "మా అబ్బా నిన్ను రమ్మంటున్నడు" అని మాత్రం అన్నాడు.

ఆసుపత్రి కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది. మన్నాన్ సగానికి సగమైపోయాడు. అజ్మతున్నీసా తలవైపు కూర్చుని తడిగుడ్డతో పెదవులు తుడుస్తోంది. మన్నాన్ కళ్లతోనే లచ్చయ్యను దగ్గరికి పిలిచాడు.

"లచ్చన్నా... నాకు కోపం లేదు. ఒక్క మాట అడుగుత. నువ్వే తీసినవని చెప్పు."

"భాయ్..."

"చెప్పు. చెప్తే మాఫ్ జేస్త. మాఫ్ జేసి పోతే నా మనసుకు సల్లగుంటది. ఎవర్ని మాఫ్ జేయాల్నో తెల్వక మస్తు పరేషాన్ అయితున్న. సలాం జేసినోళ్లందరి మొఖాలు కండ్ల ముందటికొస్తున్నయ్. వీడా, వాడా అని... ఇగ నాతోని గాదు లచ్చన్నా."

తను చేయలేదని లచ్చయ్య ఎన్నిసార్లు చెప్పాడు! ఇప్పుడు మళ్లీ అదే నిజం చెబితే, ఈ మనిషి ఊరందరినీ అనుమానిస్తూ కళ్లు మూస్తాడు. అబద్ధం చెబితే ఒక్కణ్ణి క్షమించి పోతాడు. పక్కన ఫైజ్ చెవులు రిక్కించి నిలబడి ఉన్నాడు. లచ్చయ్య స్నేహితుడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నేనే తీసిన భాయ్. తప్పయింది."

మన్నాన్ ముఖంలో బిగువు మెల్లగా సడలింది. "పాగల్..." అన్నాడు, పాత రోజుల్లో గోడ మీదుగా తిట్టినట్టే. "మాఫ్ జేసిన. పో." ఆ చెయ్యి వదలకుండానే నిద్రపోయాడు. మర్నాడు పొద్దునకు ప్రాణం పోయింది.

జనాజా లేచినప్పుడు భుజం పట్టడానికి లచ్చయ్య ముందుకు వెళ్లాడు. ఫైజ్ అడ్డంగా నిలబడ్డాడు. తోయలేదు. లచ్చయ్యే వెనక్కి తగ్గాడు. అందరూ మట్టి వేస్తున్నంతసేపూ ఖబరస్తాన్ గేటు బయట ఎండలో నిలబడ్డాడు. ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, ఫొటో తీసింది లచ్చయ్యేనని. నిజంగా తీసిన మనిషి కూడా ఆ మాట వినే ఉంటాడు. విని ఊపిరి పీల్చుకునే ఉంటాడు.

కొన్ని రోజులకు అజ్మతున్నీసా కబురు పంపింది. ఆమె భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది. పరాయి మగవాళ్లకు కనబడకూడదు. రాహేలు లోపల ఆమె పక్కన కూర్చుంది, లచ్చయ్య తలుపు పరదా ఇవతల కూర్చున్నాడు.

"భాయ్, నువ్వు ఆయనకు అబద్ధం జెప్పినవని నాకెరుకే" అంది పరదా వెనక నుంచి.

లచ్చయ్య తల వంచుకున్నాడు.

"నువ్వు గిట్ల జేసెటోనివైతే ఇన్నేండ్లు గోడ మీదికెల్లి ఎందుకు లొల్లి జేస్తవు? కోపమొస్తే మొఖం మీద తిట్టెటోనివి. ఆయనకు గూడ ఆఖరున తెలిసే ఉంటది. తెలిసీ మాఫ్ జేసిండేమో. ఫైజ్‌కు నేను జెప్త." ఆమె మళ్లీ అడిగింది. "నువ్వు గాదు, సరే. మరి ఎవరు భాయ్? పలకరియ్యడానికి వచ్చి నా పక్కన కూసొని ఏడుస్తున్నోళ్లల్ల ఎవరో ఒకరు గావచ్చు గద. వాళ్లు ఏడుస్తుంటే గూడ నాకు నమ్మకం పుడ్తలేదు. దుఃఖం గూడ సరిగ్గ పడనిస్తలేదు భాయ్ గీ యాప్."

రాహేలు ఆమెను పొదివి పట్టుకుంది. పరదా ఇవతల లచ్చయ్య ముఖం కండువాలో దాచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కమ్యూనిటీ హాలులో యాప్ కంపెనీవాళ్ల సభ జరిగింది. అలియాబాద్ బాగా పనిచేసిందని మెచ్చుకోవడానికి వచ్చారు. కృష్ణారావు తనే ఇంటికి వచ్చి లచ్చయ్యను పిలుచుకువెళ్లాడు. సభలో శాలువా విప్పుతూ అన్నాడు, "పక్కిల్లు అని చూడకుండా, స్నేహం అని చూడకుండా నియమం నిలబెట్టిన మనిషి ఈయన. జరిగినదానికి మనందరికీ బాధగానే ఉంది. కానీ బాధ్యత అంటే ఇదీ."

లచ్చయ్య ఆ శాలువాను చేత్తో ఆపాడు.

"వద్దు సార్. ఆ ఫొటో నేను తియ్యలె. సచ్చిపోయెటోని మనసు కుదుటపడాలని నేనే అని చెప్పిన. తీసినోళ్లు ఎవరో నాకు తెల్వదు. ఈడనే కూసున్నరేమో గూడ తెల్వదు."

హాలులో కుర్చీలు కదిలాయి. అందరి చూపులూ పక్కవాళ్ల మీదికి వెళ్లి, వెంటనే కిందికి దిగిపోయాయి.

కృష్ణారావు చేతుల్లోని శాలువా అలాగే ఉండిపోయింది. తేరుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "ఎంత బాధపడ్డారో అర్థమవుతోంది లచ్చయ్యగారూ. కానీ షెడ్డు రోడ్డు మీదికి వచ్చిన మాట నిజం కదా! తప్పు కనబడితే ఎవరూ చెప్పకూడదంటారా?"

"చెప్పాలె సార్, ఎందుకు చెప్పొద్దు? ముందుగాల పోయి వాళ్ల తలుపు కొట్టి చెప్పాలె. ఇనకపోతే నలుగుర్ల పెట్టి అడగాలె. అప్పటికీ ఇనకపోతే ఆఫీసుకే పోవాలె, కాకపోతే నా పేరు గిది, నా ఇల్లు గిది అని చెప్పుకొని పోవాలె. అట్లయితే కొట్లాడుకుంటం, కొన్ని దినాలు మాట్లాడుకోం, మల్ల కలుస్తం. మా మన్నాన్ కాలికి రేకు గీసుకుంటే సచ్చిపోలె సార్. నా బండెక్కడానికి నమ్మకం లేక సచ్చిపోయిండు. నేను నా సొంత కొడుకును దొంగలెక్క సూసిన. ఆ ఇంట్ల భాభీ, ఎవరి కన్నీళ్లు నిజమో తెల్వక కూసున్నది." ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, హాలంతా ఒకసారి చూశాడు. "తీసినోళ్ల పేరు నాకు వద్దు. కానీ ఒక్కటి యాదికి పెట్టుకోండ్రి. పేరు చెప్పుకోలేని ఫిర్యాదు ఒక్క మనిషి మీద పడి ఆగదు, ఊరు మొత్తం మీద పడుతది."