ఒడ్డెక్కిందని కేక

మా కొడుకు చెంచయ్య సముద్రంలో పోయాక మా ఆయన పాటలు కట్టడం మానేశాడు. వల లాగేవాళ్లకు ఒడ్డున నిలబడి పాడే మనిషి, నోరు మూసుకుని పడవ నీడలో కూలబడ్డాడు. ఏళ్లు గడిచాయి. ఆయన్ను ఓదార్చలేక, ఊరూరా తిరిగి చేపలమ్మలేక నా ప్రాణం విసిగిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

నెహ్రూ పోయిన మరుసటేడు ఉన్నట్టుండి మళ్లీ కట్టాడు. వల లాగేవాళ్ల మూలుగులు వినలేకపోయాడట. అన్నీ సంబరం పాటలే! వెనకటికి ఆయన పాటలు గ్రామఫోను ప్లేటుకెక్కించిన కంపెనీవాళ్లు విని, కొత్త ప్లేటుకు నెల్లూరు రమ్మన్నారు.

"ఈసారి కుదరకపోతే ఇంక జన్మలో పాడను. నువ్వు కూడా రావే," అన్నాడు. కాళ్లీడ్చుకుంటూ విడవలూరు దాకా నడిచి బస్సెక్కాను.

అక్కడ విజయభాస్కర్ అనే అబ్బాయి మా ఆయన్ను మైకు ముందు నిలబెట్టాడు.

"పోలేరయ్య గారూ, ప్లేటులో మూడు నిమిషాల పాటే పడుతుంది. నేను చెయ్యెత్తగానే ఆపెయ్యాలి."

పాట హుషారుగా సాగింది. అబ్బాయి చెయ్యెత్తాడు. ఈయన ఆపితేనా! మిషనే ఆపుకున్నారు. రెండోసారీ అదే తంతు.

"ఏందయ్యా నీ మొండితనం?" అని కసిరాను.

"చెయ్యెత్తితే యెట్టా ఆపేదే? కేక పడాల గదా!"

మా ఒడ్డున అంతే. వల ఇసుక మీదికి వచ్చాక, కొసన ఉన్న మనిషి "ఒడ్డెక్కింది" అని కేకేస్తేనే పాట ఆపాలి. ముందే ఆపితే నీళ్లలో ఉన్నవాళ్లకు కీడు. ఆ కేక మా చెంచయ్యది. పాత ప్లేటుకు కూడా వాడే వెంటపోయి వేశాడు. వాడు పోయాక ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు.

"ఇదే ఆఖరుసారి. బయట వేరేవాళ్లు కాచుకునున్నారు," అన్నాడు విజయభాస్కర్.

మా ఆయన ముఖం మాడిపోయింది. నాకు ఒళ్లు మండింది. సముద్రం మీద, ఆ మిషను మీద, చెప్పకుండా పోయి మళ్లీ ఒడ్డుకు రాని నా బిడ్డ మీద కూడా. వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. పాట మొదలైంది. చెయ్యి లేచింది. గొంతు చించుకుని అరిచాను.

"ఒడ్డెక్కిందీ!"

పాట ఆగింది. మా ఆయన గోడకు ఆనుకుని భోరున ఏడ్చాడు.

"బాగా వచ్చింది. చివరి కేక మాత్రం తీసేద్దామా అమ్మా?" అని అడిగాడు విజయభాస్కర్.

"ఉండనీ నాయనా," అన్నాను. "మా వాడికి ఇంతవరకూ ఎవరూ ఆ కేక ఎయ్యలా."