మైనస్ తీగ

నేను ఒక లారీ బ్యాటరీని. అనకాపల్లిలో జోగారావు గారింటి అరుగు మీద, చెప్పులు విడిచే చోట పడి ఉన్నాను. నేను చచ్చిపోయానని అందరూ అంటారు. చంపేశారన్నదే సరైన మాట. నా సంగతి ఎలా పోయినా ఫరవాలేదు గానీ, నా పేరు చెప్పి ఒక నిజాయితీపరుణ్ణి నలుగురిలో దొంగను చేశారు. ఆ కోపం మాత్రం నాలో ఇంకా ఇగిరిపోలేదు.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. పాత బ్యాటరీలను పగలగొట్టి, కరిగించిన సీసంతో నా పలకలు పోశారు. ఆరు గదుల్లో వాటిని నిలబెట్టి, ఆమ్లం నింపి, పక్కన ఒక నంబరు అచ్చు గుద్దారు. జోగారావు గారు నన్నూ, నా జతదాన్నీ ఒకేరోజు కొన్నారు. లారీ ఇంజను కదలాలంటే ఇద్దరి బలమూ కలవాలి. మా నంబర్లు రాసిన గ్యారంటీ కార్డులను ఆయన బీరువాలో పెట్టి తాళం వేశారు. కాగితాలు దాచడంలో ఆయన శ్రద్ధకు వంక పెట్టలేం. వాటిని చదివే అలవాటే లేదు.

మాది బెల్లం లారీ. సీజనులో బెల్లం దిమ్మలు వేసుకుని ఘాట్ రోడ్డెక్కి ఒడిశా వెళ్లేది. వానలు మొదలయ్యాక నాలుగు నెలలు ఇంటి పక్క షెడ్డులో ఆగిపోయేది. మాకు గండం అప్పుడే. తిరిగే బండిలో ఎంత ఖర్చయినా మళ్లీ నిండుతాం. ఆగిన బండిలో మాత్రం రోజురోజుకూ చిక్కిపోతాం. ఈ చిన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. పట్టింది డ్రైవరు పైడయ్య ఒక్కడికే.

మొదటి ఏడాదే ఘాట్ దిగుతుండగా బ్రేకు ఫెయిలైంది. ఎడమ పక్క లోయ. పైడయ్య గేర్లు తగ్గించుకుంటూ వచ్చి, బండిని కుడిపక్క కొండకు రాపిడి పెట్టి ఆపాడు. బెల్లం ఒక్క దిమ్మ కూడా జారలేదు. అతని భుజం ఎముక మాత్రం విరిగింది. జోగారావు గారు వచ్చి, చుట్టూ తిరిగి చూసి, క్యాబిన్లో ఉన్న ఆంజనేయస్వామి పటానికి దణ్ణం పెట్టి, "సామీ, నువ్వే కాపాడావు" అన్నారు. పక్కనే చెయ్యి మెడకు వేలాడదీసుకుని నిలబడ్డవాడితో ఒక్క మాట అనలేదు.

ఆ వారమే పటం చుట్టూ ఎర్ర బల్బుల దండ కట్టించారు. పన్నెండు వోల్టుల బల్బులు. మా ఇద్దరి మీదా కలిపి వేస్తే ఇరవై నాలుగవుతుంది, మాడిపోతాయని ఎలక్ట్రీషియన్ నా ఒక్కదాని నుంచే తీగ లాగాడు. స్విచ్చు పెట్టమంటారా అని అడిగాడు పాపం.

"దేవుడి దీపానికి స్విచ్చేటిరా! అది ఆరకూడదు" అన్నారు జోగారావు గారు.

ఆంజనేయస్వామి అడిగాడా? అడగలేదు. తన ముందు రాత్రింబవళ్లు ఒకరి ప్రాణం తోడి పొయ్యమని ఆయన ఎన్నడూ అనలేదు.

వానలు రాగానే పైడయ్య వచ్చి నా మైనస్ తీగ ఊడదీశాడు. దీపం ఆరింది. అతను పటం ముందు చెంపలు వేసుకుని, "తప్పు కాయు సామీ, సీజన్ కాడ మళ్లీ ఎలిగిత్తాను" అన్నాడు. తర్వాత పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. మా నెత్తిన పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగేవాడు, తగ్గిన నీళ్లు పోసేవాడు, ఒక్కొక్కరినీ సైకిలు మీద చార్జింగ్ షాపుకు తీసుకుపోయేవాడు. షెడ్డు ముందు బురదని జోగారావు గారు అటు తొంగిచూడలేదు గనక మూడేళ్లు సుఖంగా గడిచాయి.

నాలుగో ఏడు వానలు మొదలైన కొత్తలో, లారీని కాపాడిన స్వామి దీపం చూపిస్తానని వియ్యంకుణ్ణి షెడ్డులోకి వెంటబెట్టుకొచ్చారు. దీపం లేదు. ఆయన పరువు పోయింది. పైడయ్యను పిలిపించారు.

"దేవుడి దీపం ఆర్పీసినావా? నీకేటి పోయేకాలంరా?"

"ఆగిన బండి కదా బాబూ. అలా ఒగ్గీస్తే బేటరీ సచ్చిపోద్ది."

"నాకు సెప్తావా? తీగ బిగించు. షెడ్డు తాళం ఇలాగిచ్చీ."

పైడయ్య తీగ బిగించాడు. బిగించేటప్పుడు అతని చెయ్యి నా మీద ఒక్క క్షణం ఆగింది.

ఆరకూడని దీపం పదో రోజున తనంత తానే ఆరిపోయింది. చూడ్డానికి ఎవరూ రాలేదు. ఆరిపోతే అంత అరిష్టమైతే ఒక్కసారి తొంగిచూడొద్దూ! మూడు నెలలకు పైగా ఖాళీ కడుపుతో నా పలకలు తెల్లగా గట్టిపడిపోయాయి. పక్కనే నా జతది మాత్రం నిక్షేపంగా ఉంది. దాని మీద బల్బులు లేవు కదా.

సీజను మొదటిరోజు లారీకి పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. అంతా అయ్యాక పైడయ్య బండెక్కి తాళం తిప్పాడు. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. మెకానిక్కు వచ్చి మీటరు పెట్టి, ఒకటి బాగుందనీ ఒకటి పూర్తిగా పోయిందనీ చెప్పాడు.

"రెండూ ఒక్కరోజు కొన్నవి. ఒక్కటే ఎలా సస్తాది?" జోగారావు గారి గొంతు బెల్లం కాటా దాకా వినిపించింది. "మంచిది అమ్మీసుకుని పాతది తగిలించినావు. దొంగ!"

దిమ్మలు మోసే కళాసీలందరూ చూస్తున్నారు. పైడయ్య తలపాగా తీసి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు నోరుంటే ఆ పూట ఆ వీధి దద్దరిల్లేది. నన్ను పాత సామాన్ల కొట్టుకు తోలేశారు.

ఐదో రోజు పైడయ్య ఆ కొట్టుకు వచ్చాడు. అంతకు ముందే రెండు కొట్లు వెతికాడట. పెచ్చులూడిన బ్యాటరీల మధ్య నన్ను గుర్తుపట్టి, తువ్వాలుతో మట్టి తుడిచి, నంబరు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. సైకిలుకు కట్టి తెచ్చి ఈ అరుగు మీద దించాడు.

"బీరువాలో కారటుంది బాబూ. తీసి సూడండి."

జోగారావు గారు కార్డు తెచ్చి ఒక్కో అంకే కలిపి చూశారు. రెండుసార్లు చూశారు. నంబరు అదే.

"సర్లేరా. ఏదో కోపంలో అన్నాను. రేపొచ్చి బండెక్కు."

"నలుగురిలో దొంగన్నారు బాబూ. ఆ నలుగురిలోనే కాదని సెప్పండి. అప్పుడెక్కుతాను."

ఆయన కార్డు మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాటకు ఆయన నోరు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పైడయ్య వేరే వాళ్ల లారీ తోలుతున్నాడు. కాటా దగ్గర కళాసీలు అతన్ని చూస్తే ఇప్పటికీ మాటలు ఆపేస్తారట.

నన్ను మళ్లీ కొట్టుకు పంపడానికి జోగారావు గారికి ధైర్యం లేదు, నా వైపు చూడటానికీ లేదు. చెప్పులు విడిచేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటారు.

మళ్లీ వానలు వచ్చాయి. లారీ షెడ్డులో ఆగింది. నా చోట్లోకి కొత్తది వచ్చింది, దాని కార్డు కూడా బీరువాలోకి చేరింది. షెడ్డు తలుపు కింద నుంచి ఎర్రటి వెలుగు ఈ అరుగు దాకా కనిపిస్తుంది. నిన్నటికంటే ఇవాళ కొంచెం మసకబారింది. లారీ ఆగి ఇవాళ్టికి తొమ్మిదో రోజు.