ఎడమచేతి గాజు

నేను ఒక బంగారు గాజును. గాజు అనడానికీ ఇప్పుడు వీల్లేదు. ఒకచోట తెగి, నోరు తెరుచుకుని, పెట్టెలో కుంకుమభరిణె పక్కన పడి ఉన్నాను.

తణుకులో ఒక కంసాలి నన్నూ నా జతనూ ఒకే ముద్ద నుంచి చేశాడు. పెళ్లినాడు సత్యవేణి కుడిచేతికి నా జత, ఎడమచేతికి నేను ఎక్కాం. కొన్నేళ్లకు ఆమె మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం కుడిచేతిలో ధమనినీ సిరనూ కలిపితే అక్కడ రక్తం గడ్డకట్టింది. ఎడమచేతిలో కలిపింది మాత్రం పలికింది. తుమ్మెద రొదలాంటి ఆ చప్పుడును రోజూ ఉదయం ఆమె మణికట్టు చెవికి ఆనించుకుని వినేది. నేను రాత్రీ పగలూ వినేదాన్ని. అది ఆగితే సూది గుచ్చడానికి ఆమెకు మరో చేయి లేదు.

"ఆ చేతికి ఏదీ ఉండకూడదండి," అన్నాడు డయాలసిస్ గదిలో పనిచేసే ప్రభుదాసు.

"వదులుగానే ఉందిలే బాబూ. ముత్తయిదువ చెయ్యి బోసిగా ఉంటదా ఏటి?" అంది అత్తగారు మాణిక్యమ్మ. నేను ఉండిపోయాను.

ఒక వేసవిలో నా కింద చర్మం ఉబ్బసాగింది.

"దొంగచాటుగా నీళ్లు తాగేత్తన్నావే!" అని మాణిక్యమ్మ మంచినీళ్ల బిందె తన మంచం పక్కకు మార్చేసింది.

"ఒట్టత్తయ్యా, డాక్టరు చెప్పినట్టు మీరు కొలిచిచ్చిన గ్లాసే తాగాను."

నీళ్లే అయితే రెండు చేతులూ ఉబ్బాలి కదా! కుడిచేతిన నా జత మోచేతిదాకా జారుతూనే ఉంది. మనుషులు నింద వేయడానికి చూసినంత శ్రద్ధగా చేతులు చూడరు.

తర్వాత నింద నామీదికి వచ్చింది. "నే చెప్పలేదాండీ?" అన్నాడు ప్రభుదాసు. కంసాలి వచ్చి నన్ను కోశాడు. మాణిక్యమ్మ ఆ బోసి మణికట్టుకు పసుపుదారం కట్టబోయి, భయపడి ఆగిపోయింది.

నేను పోయినా వాపు పోలేదు. భుజందాకా పాకింది, ఛాతీమీద నీలిసిరలు తేలాయి. పెద్ద డాక్టరు రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూశాడు.

"గాజు తప్పు కాదమ్మా. మొదట్లో డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం పెట్టారు కదా, దానివల్ల లోపల పెద్ద సిర ఇరుకైపోయింది. రక్తం గుండెకు వెళ్లలేక చేతిలో నిలిచిపోతోంది."

ఆ సిరలోకి సన్నని బుడగ పంపి దారి వెడల్పు చేశారు. మళ్లీ ఇరుకు కావచ్చనీ చెప్పారు.

చేయి సన్నబడింది. బిందె వంటింట్లోకి వచ్చేసింది. "గాజు అతికిద్దామా అమ్మాయ్?" అని మాణిక్యమ్మ మెల్లగా అడిగింది.

"వద్దత్తయ్యా, ఉండనీండి."

నా తప్పు లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా పెట్టెలోనే ఉన్నాను.

ఉదయం బొట్టు పెట్టుకోవడానికి ఆమె పెట్టె మూత తీస్తుంది. ముందు మణికట్టు చెవికి ఆనించుకుంటుంది. ఆ రొద నాకిక వినపడదు; ఉందో లేదో ఆమెను చూసే తెలుసుకోవాలి. ఆమె వేలు కుంకుమవైపు కదిలేదాకా ఎదురుచూస్తాను.